కమ్ ఎక్కడ వాడాలి, గో ఎక్కడ వాడాలి? ఎంత చదివినా తేలట్లేదు

విశాఖ తీరం
అందరికీ నమస్తే అండి. చిన్న డౌటే గానీ నిన్నట్నుంచి బుర్ర తినేస్తోంది. మాస్టర్స్ కి బర్మింగ్‌హామ్ వెళ్తున్నా, అక్కడ ఒకావిడ ఇంట్లో రూమ్ మాట్లాడుకున్నా, ఆవిడకి మెయిల్ పెట్టాలి. ‘ఐ విల్ గో టు యువర్ హౌస్ ఆన్ సాటర్డే’ అని రాస్తే మా అక్క చూసి గో ఏంటే, కమ్ అని రాయి అంది. ఎందుకే అంటే చెప్పదు, అదే బావుంటుంది అంటుంది అంతే. మన దగ్గరికి వస్తే కమ్, మన దగ్గర్నుంచి పోతే గో అని స్కూల్లో చెప్పారు కదా, మరి వైజాగ్ నుంచి నేనే పోతుంటే అది కమ్ ఎలా అవుద్ది? ఎవరైనా క్లియర్ గా చెప్పండి ప్లీజ్, నెట్ లో చూస్తే ఒక్కో చోట ఒక్కోలా ఉంది.

పల్నాడు కుర్రోడు
గో నే కరెక్ట్ సిస్టర్. కమ్ అంటే ఇటు, గో అంటే అటు. దీంట్లో డౌట్ పడేదేముంది, మీ అక్క చెప్పింది వదిలేయండి.

బెజవాడ మాస్టారు
పల్నాడు తమ్ముడూ అంత తొందరెందుకయ్యా. విశాఖమ్మా, మీ అక్క చెప్పిందే రైటు.

కాసేపు ఇంగ్లీషు పక్కన పెట్టు. ఆ ఇంటావిడ తెలుగావిడే అయితే ఫోన్ చేసి ఏమంటావ్? ‘శనివారం మీ ఇంటికి వెళ్తానండీ’ అంటావా? అలా అంటే ఆవిడ బిత్తరపోయి, నేనుండగానా లేనప్పుడా అని అడుగుతుంది. ‘వస్తానండీ’ అనే కదా అంటాం. ఇంగ్లీషు వాడూ అచ్చంగా అంతే. వినేవాళ్ళు ఉన్న చోటికి మనం వెళ్ళడాన్ని కూడా వాడు కమ్ అనే అంటాడు. అడుగులు ఎటు పడుతున్నాయన్నది కాదు లెక్క, ఎవరి వైపు నుంచి చూసి మాట్లాడుతున్నాం అన్నది లెక్క. స్కూల్లో చెప్పిన రూల్ తప్పు కాదు గానీ సగమే, ‘మన దగ్గరికి’ అన్న చోట ‘మన దగ్గరికి గానీ ఎదుటి మనిషి దగ్గరికి గానీ’ అని ఉండాలి. ఆ రెండో ముక్క మన టెక్స్ట్‌బుక్కుల్లో చాలామంది వదిలేస్తారు, నేను స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులు చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి ఈ ఒక్క సగం రూల్ తో వచ్చే పిల్లల్ని రోజూ చూస్తుంటాను.

ఇప్పుడు నీ ప్రయాణమే తీసుకో. వైజాగ్ లో మీ నాన్నగారితో చెప్పేటప్పుడు ‘ఐ యామ్ గోయింగ్ టు బర్మింగ్‌హామ్’. బర్మింగ్‌హామ్ లో ఉన్న సీనియర్ కి మెసేజ్ పెడితే ‘ఐ యామ్ కమింగ్ టు బర్మింగ్‌హామ్’. లండన్ లో ఉన్న కజిన్ కి చెప్తే మళ్ళీ గోయింగ్. అదే కజిన్, నువ్వు దిగే రోజుకి నేనూ అక్కడికే చేరుకుంటాలే అన్నాడనుకో, వాడితోనూ కమింగ్ అనేయొచ్చు. అంటే ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడన్నది ఒక్కటే కాదు, మనం చేరేటప్పటికి ఎక్కడుంటాడన్నదీ చూస్తారు.

పల్నాడు కుర్రోడు
మాస్టారూ మరి ‘ఆర్ యూ గోయింగ్ టు ది వెడ్డింగ్’ అనీ అంటారు, ‘ఆర్ యూ కమింగ్ టు ది వెడ్డింగ్’ అనీ అంటారు, పెళ్ళి ఒకటే, ఎదురుగా ఉన్న మనిషీ ఒకడే. మీ రూల్ ప్రకారం రెండిట్లో ఒకటి తప్పవ్వాలి కదా.

బెజవాడ మాస్టారు
రెండూ రైటే, కాకపోతే రెండు వేరే ప్రశ్నలు. ‘పెళ్ళికి వెళ్తున్నావా’ అని అడిగితే నేను వెళ్తానో లేదో నువ్వు తెలుసుకోవాలనుకుంటున్నావ్, నీ సంగతి ఏమీ చెప్పట్లేదు. ‘పెళ్ళికి వస్తున్నావా’ అంటే నువ్వు అక్కడ ఉంటావని నాకు చెప్పకనే చెప్పినట్టు, లేకపోతే ఆ పెళ్ళి మీ ఇంటిదే. ఈ తేడా నీకు పుట్టినప్పట్నుంచి తెలుసు తమ్ముడూ, ఎవరూ నేర్పలేదు. ఇంగ్లీషులో అడిగేసరికి తెలీదనుకుంటున్నావ్.

భాషాపిచ్చి
మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం, దీని మీద పెద్ద పనే జరిగింది. చార్ల్స్ ఫిల్‌మోర్ అని అమెరికా భాషావేత్త ఉండేవాడు (1929లో పుట్టి 2014లో పోయాడు), 1971లో కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్ లో వరసగా లెక్చర్లు ఇస్తే అందులో ఒకటి మొత్తం ఈ కమ్, గో ల మీదే. ఆయన తేల్చిందేంటంటే, కమ్ వాడాలంటే ఆ చేరే చోట మాట్లాడేవాడో వినేవాడో ఉండాలి, ఇప్పుడు ఉన్నా సరే, చేరే టైముకి ఉన్నా సరే. ఉదాహరణకి ‘వాడు రేపు ఆఫీసుకి వస్తాడు’ అని నేనన్నాననుకోండి. నేను ఇప్పుడు ఆఫీసులో కూర్చుని ఉండొచ్చు, రేపు నాకు లీవ్ అయినా ఆ మాట చెల్లుతుంది. లేదా ఇప్పుడు ఇంట్లో ఉండి రేపు ఆఫీసులో ఉండొచ్చు, అప్పుడూ చెల్లుతుంది. ఇప్పుడూ లేను, రేపూ ఉండను, వినేవాడికీ ఆ ఆఫీసుతో సంబంధం లేదు అంటే అప్పుడు వెళ్తాడు అనాల్సిందే.

ఇంకో మెలిక కూడా ఉంది, సొంతిల్లు. ‘నేను ఊళ్ళో లేనప్పుడు మా ఇంటికి వచ్చాడట’ అంటాం. అప్పుడు నేను అక్కడ లేను, ఇప్పుడు కూడా ఏ బస్టాండులోనో ఉండి ఉండొచ్చు, అయినా వెళ్ళాడట అనం. ఇల్లు మనది కాబట్టి మనం అక్కడ ఉన్నట్టే లెక్క. ఇంగ్లీషులోనూ అక్కడ కమ్ నే.

ఇది అన్ని భాషల్లో ఇలాగే ఉంటుంది అనుకుంటే పొరపాటు. స్పానిష్ వాళ్ళు అమ్మ పిలిస్తే ‘వోయ్’ అంటారు, అంటే వెళ్తున్నా అని! వాళ్ళకి నేనున్న చోటికైతేనే రావడం, నీ దగ్గరికి నేను కదిలితే అది వెళ్ళడమే. జపనీస్ లోనూ అంతే, ‘ఇమా ఇకిమాస్’ అంటారు, ఇప్పుడు వెళ్తున్నా అని. ఈ లెక్కన ఇంగ్లీషు నేర్చుకునే స్పానిష్ వాళ్ళకంటే మనం అదృష్టవంతులం, మనకీ ఇంగ్లీషుకీ ఈ విషయంలో దాదాపు ఒకటే లెక్క.

డాలస్ బాబాయ్
నిజమేనండోయ్. మా టీమ్ లో ఒక మెక్సికన్ అబ్బాయి, మీటింగ్ రూమ్ లోంచి పిలిస్తే ‘ఐ గో, ఐ గో’ అనుకుంటూ లోపలికి వచ్చేవాడు. కోపంతో వెళ్ళిపోతా అంటున్నాడేమో అనుకునేవాణ్ణి మొదట్లో.

వరంగల్ పోరడు
అన్ని మంచిగనే చెప్పిన్రు గని, ఒకటే లెక్క అయితే మనోళ్ళు తప్పెందుకు మాట్లాడుతున్నరు మరి? మా ఫ్రెండ్ గాడు ఒకడు, కొత్తగ జాబ్ ల చేరిండు, అమెరికా మేనేజర్ తోని వీడియో కాల్ అయిపోంగనే ‘ఓకే సర్, ఐ విల్ కమ్’ అని చెప్పి లాప్‌టాప్ మూసేసిండు. ఆయన వీడు మళ్ళ వస్తడేమో అని కాల్ ల కూసొని చూస్తనే ఉన్నడంట, ఆఖరికి ‘ఆర్ యూ కమింగ్ బ్యాక్?’ అని చాట్ ల అడిగిండు. వీనికి అర్థం కాలే, పొద్దున దాకా జవాబియ్యలే.

డాలస్ బాబాయ్
హహహ, ఇది ప్రతి ఆఫీసులో జరిగేదే. మనం వెళ్ళేటప్పుడు ‘వస్తా’ అంటాం కదా, ‘వెళ్తా’ అని మొహం మీద చెప్తే బావుండదని, అదొక అలవాటు. ‘వెళ్ళొస్తా’ లోంచి వెళ్ళు మింగేసి వస్తా ఒకటి మిగిల్చాం. దాన్ని అలాగే ఇంగ్లీషులోకి దింపితే ఎదుటోడికి తలకిందులుగా వినబడుద్ది. సాయంత్రం పని అయిపోయి బయల్దేరేటప్పుడు ‘ఐ యామ్ హెడింగ్ అవుట్’ అనండి, ‘సీ యూ టుమారో’ అనండి, అయిపోద్ది.

దీనికి ఇంకో తమ్ముడు ఉన్నాడు, ‘జస్ట్ కమింగ్’. మీటింగ్ మధ్యలో మంచినీళ్ళకి లేచి ‘ఇప్పుడే వస్తా’ అనే అర్థంలో ‘జస్ట్ కమింగ్’ అని బయటికి పోతారు మనవాళ్ళు. తెల్లోడికి అది ‘దారిలో ఉన్నా, దగ్గరికొచ్చేశా’ అని వినబడుతుంది, కళ్ళ ముందే మనిషి డోర్ తీసుకుని పోతున్నాడు, ఇంక వాడి పరిస్థితి చూడండి. అక్కడ ‘ఐ విల్ బి రైట్ బ్యాక్’ అనాలి, చాట్ లో బీఆర్బీ అని కొట్టేస్తారే అదే. ‘ఐ విల్ గో అండ్ కమ్’ అన్నా గ్రామర్ తప్పు కాదు గానీ అక్కడ పుట్టినోళ్ళు ఎవరూ అలా అనరు. తిరిగొస్తాను అన్న ముక్క బ్యాక్ అన్న మాటలోనే చెప్పేస్తారు వాళ్ళు.

హోసూరు తెలుగోడు
మా పక్క తమిళంలో కూడా ఇదే అండి, ‘పోయిట్టు వరేన్’ అంటారు, చిన్నగా చేసి ఉట్టి ‘వరేన్’ అంటారు. అందుకే మా ఊళ్ళో తమిళోళ్ళూ తెలుగోళ్ళూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటే ‘ఐ విల్ కమ్’ అని చెప్పి వెళ్ళిపోయినా ఎవురికీ తిక్కమకే ఉండదు, సుబ్బరంగా అర్థం అయిపోతుంది. మనలో మనం వాడుకుంటే ఏం పోయింది, అది మన ఇంగ్లీషు. వేరే దేశమోళ్ళతో అయితే మార్చుకోవాల, అంతే.

వరంగల్ పోరడు
కరెక్ట్ అన్న. మా దిక్కు అయితే ‘పోయొస్త’ అంటం. కోస్తా దోస్తుల ముంగట ‘పోతున్న’ అంటె కోపమొచ్చిందా అంటరు, మాకు పోవుడు అంటె మామూలు వెళ్ళుడే. ఈడ రెండు జిల్లాల మధ్యనే ఇంత పంచాయితీ ఉంటె ఇంగ్లీషోడి దాక ఎందుకు.

విశాఖ తీరం
అమ్మో ఇంత ఉందా దీంట్లో! మెయిల్ లో కమ్ అనే పెట్టాను, ఆవిడ రిప్లై కూడా ఇచ్చింది. కానీ ఇంకో డౌట్ మొదలైంది నాకు. పాలు విరిగిపోతే ‘మిల్క్ హాజ్ గాన్ బ్యాడ్’ అంటారు, కల నిజమైతే ‘కేమ్ ట్రూ’ అంటారు. పాలు ఎక్కడికీ వెళ్ళలేదు, కల ఎక్కడ్నుంచీ రాలేదు. ఇవి బట్టీ పట్టడమేనా, ఏదైనా లాజిక్ ఉందా?

భాషాపిచ్చి
ఉంది, దీంట్లో నాకు బాగా నచ్చేది ఇదే. ఈవ్ క్లార్క్ అనే ఆవిడ 1974లో దీని మీద ఒక పేపర్ రాసింది. ఒక లిస్టు చూడండి: గో మ్యాడ్, గో బ్లైండ్, గో బాల్డ్, గో బ్యాంక్రప్ట్, గో రాంగ్. అన్నీ మామూలు స్థితి నుంచి తప్పుకోవడాలే. అటు కమ్ చూడండి: కమ్ ట్రూ, కమ్ అలైవ్, కమ్ టు యువర్ సెన్సెస్. అన్నీ మామూలు స్థితికో కోరుకునే స్థితికో చేరడాలు. కోమాలోకైతే గో, కోమాలోంచి బయటికైతే కమ్. అంటే మనసు మామూలుగా ఉండే స్థితినే సొంతిల్లు అనుకుంటోందన్నమాట, ఇందాక ఇల్లు గురించి చెప్పానే అదే ఇక్కడా పని చేస్తోంది.

ఇంకా బాగుండేది, ఒకే సంఘటనకి రెండూ వాడినప్పుడు తేడా. విమానం చెరువు పక్కన ‘కేమ్ డౌన్’ అంటే దిగి ఉండొచ్చు, క్షేమంగా ఉండొచ్చు. ‘వెంట్ డౌన్’ అంటే కూలిపోయిందనే వినబడుతుంది. ఒక్క మాట మారిస్తే లోపలున్న జనం బతుకు మారిపోయింది చూడండి.

మనకీ ఇదే ఉంది, గమనించం అంతే. పాడైపోయింది, విరిగిపోయింది, చచ్చిపోయింది, మర్చిపోయా, ఓడిపోయాం... చెడ్డవాటికి పో తగిలించడం ఎంత ఇష్టమో మనకి. అటువైపు తెలివొచ్చింది, ప్రాణం లేచొచ్చింది, దారికొచ్చాడు.

పల్నాడు కుర్రోడు
అన్నా మరి గెలిచిపోయాం, బాగుపడిపోయాడు, పెళ్ళైపోయింది అనీ అంటాం గా, పో అన్నిటికీ తగిలిస్తాం. పెళ్ళి చెడ్డదంటే మాత్రం ఒప్పుకుంటాలే.

భాషాపిచ్చి
పాయింటే. అక్కడ పో అంటే ‘పూర్తైంది, ఇంక వెనక్కి రాదు’ అని, మంచీ చెడూ కాదు. మన పో కి ఇంగ్లీషు గో కంటే పని ఎక్కువ, ఒప్పుకుంటున్నా. జ్వరం, దగ్గు, నిద్ర, ఏడుపు కూడా మనకి వస్తాయి, అవేమీ మంచివి కావు. అక్కడ మాత్రం ఇంగ్లీషుతో లెక్క కుదరదు, ‘ఫీవర్ కేమ్’ అనకూడదు, ‘ఐ గాట్ ఎ ఫీవర్’ లేదా ‘ఐ హావ్ ఎ ఫీవర్’ అనాలి. ‘స్లీప్ ఈజ్ కమింగ్’ కాదు, ‘ఐ యామ్ స్లీపీ’. ‘డౌట్ కేమ్’ కాదు, ‘ఐ హావ్ ఎ డౌట్’ అన్నా మన దేశంలోనే చెల్లుతుంది, బయట ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనాలి.

కానీ కలిసే చోట్లు చూస్తే మతి పోతుంది. ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’ అనేదీ, ‘వర్షం పడబోతోంది’ అనేదీ చూడండి. ఆ ‘బోతోంది’ పోతోందే, పడ తర్వాత వచ్చి ప కాస్తా బ అయింది. రెండు భాషలకీ చుట్టరికం లేదు, అయినా జరగబోయేది చెప్పడానికి ఇద్దరూ వెళ్ళడాన్నే పట్టుకున్నారు. ‘పదేళ్ళుగా చెప్తూ వస్తున్నా’ అంటే గడిచిన కాలం నుంచి నా దాకా, ‘ఇలా చెప్పుకుంటూ పోతే’ అంటే నా నుంచి ముందుకి. పోయిన వారం, వచ్చే వారం. ఏం ఉపయోగం అనకండి, సరదా నాకు.

కడప సీమటపాకాయ్
ఏమప్పా ఇంత చర్చ జరిగితే ‘వెంట్’ గురించి ఒక్కరూ ఎత్తరే. గో కి గోడ్ అనో గెయిన్ అనో ఉండాల గానీ వెంట్ ఎక్కడ్నుంచి ఊడిపడింది? చిన్నప్పుడు దీనికి ఎన్ని దెబ్బలు తినింటానో.

బెజవాడ మాస్టారు
వెంట్ అనేది అసలు గో పిల్లాడు కాదు, పెంపుడు వచ్చాడు. వెండ్ అని ఇంకో క్రియ ఉండేది, దాని భూతకాలం వెంట్, సెండ్ కి సెంట్ అయినట్టే. గో కి పాతకాలంలో వేరే భూతకాల రూపం ఉండేది, అది వాడుకలో పడిపోయి ఆ ఖాళీలో వెంట్ వచ్చి కూర్చుంది. వెండ్ ఇప్పటికీ అక్కడక్కడా బతికే ఉంది, ‘వెండెడ్ హిజ్ వే హోమ్’ అని కథల్లో కనబడుతుంది. తెలుగు నేర్చుకునే బయటివాళ్ళు మనల్నీ ఇలాగే తిట్టుకుంటారు, వచ్చాడు, వస్తాడు అని నేర్చుకుని పిలిచేటప్పుడు ‘రా’, లేదనేటప్పుడు ‘రాలేదు’ అంటే ఇదెక్కడ్నుంచి ఊడిపడిందని.

ఇంకో సంగతి, కమ్ హోమ్, గో హోమ్ అన్నప్పుడు మధ్యలో టు పెట్టకండి. ‘గో టు హోమ్’ అని పది మందిలో ఎనిమిది మంది రాస్తారు. అబ్రాడ్ కీ అంతే.

డబ్లిన్ నర్సమ్మ
ఇప్పుడే చూశా ఈ థ్రెడ్, డ్యూటీ అయ్యి వచ్చేసరికి ఇంత నడిచిందా! మాస్టారు గారు కమ్, గో చెప్పారు గానీ బ్రింగ్, టేక్ కూడా అవే జంట కదండీ, తీసుకురా, తీసుకెళ్ళు. కమ్ ఉన్న చోట బ్రింగ్, గో ఉన్న చోట టేక్ అని నేర్చుకుని ఐర్లండ్ లో దిగాను, ఇక్కడ చూస్తే అందరూ ‘ఐ విల్ బ్రింగ్ హర్ టు ది హాస్పిటల్’ అంటారు, ఇంట్లో నిలబడి మరీ! మొదట్లో వీళ్ళకే ఇంగ్లీషు రాదేమో అనుకున్నా. తర్వాత తెలిసింది ఐరిష్ వాళ్ళ వాడుకే అంత, టేక్ అనాల్సిన చోట కూడా బ్రింగ్ అంటారు.

మన సైడ్ నుంచి కొత్తగా వచ్చే పిల్లలకి నేను చెప్పేది ఒకటుంది. పేషెంట్ ‘ది పెయిన్ కమ్స్ అండ్ గోస్’ అంటే నొప్పి వచ్చిపోతూ ఉందని, ఆగి ఆగి వస్తోందని. దాన్ని ఒక కొత్తమ్మాయి ‘పెయిన్ గాన్’ అని రాసుకుంది, నొప్పి పోయిందనుకుని. అదృష్టం కొద్దీ హ్యాండోవర్ లో నేను మళ్ళీ పేషెంట్ ని అడిగా. మనకి రాకపోకలు అనే మాట ఉంది కదా, వచ్చిపోతుంటారు అంటాం కదా, వీళ్ళూ కమ్ నే ముందు పెడతారు. అది గుర్తుంటే చాలు.

జ్వరం తగ్గితే కేమ్ డౌన్, వెంట్ డౌన్ రెండూ అంటారు, మా వార్డులో ఎక్కువ వినబడేది కేమ్ డౌన్. భాషాపిచ్చి గారు చెప్పింది చదివాక అనిపిస్తోంది, ఎక్కువైంది మామూలుకి వచ్చింది కాబట్టి కమ్ ఏమో.

భాషాపిచ్చి
సరిగ్గా పట్టారు మేడమ్, ఆ పేపర్ లో టెంపరేచర్ ఉదాహరణ కూడా ఉంది. కేమ్ డౌన్ అంటే నార్మల్ కి దిగిందని, వెంట్ డౌన్ అంటే నార్మల్ కంటే కిందకి కూడా పోయి ఉండొచ్చు.

వరంగల్ పోరడు
అక్క లైన్ ల ఉన్నరు కాబట్టి నాది ఒకటి చెప్పున్రి. మా తమ్ముడు దుబాయ్ పోయిండు అంటె ‘హి హాజ్ బీన్ టు దుబాయ్’ నా, ‘హి హాజ్ గాన్ టు దుబాయ్’ నా? ఇంటర్వ్యూల ఒకటి చెప్తె ఇంకోటి అన్నరు.

డబ్లిన్ నర్సమ్మ
ఇప్పుడు తమ్ముడు ఎక్కడున్నాడు? అక్కడే ఉంటే హాజ్ గాన్. పోయి వచ్చేసి ఉంటే హాజ్ బీన్. నీ గురించి నువ్వు చెప్పుకునేటప్పుడు ‘ఐ హావ్ గాన్ టు దుబాయ్’ అనే అవకాశం దాదాపు రాదు, ఎదురుగా ఇక్కడే కూర్చున్నావ్ కదా.

మీరంతా ఇందాక ‘వెళ్ళొస్తా’ కి ఇంగ్లీషులో సరైన మాట లేదని బాధపడుతున్నారు గానీ, జరిగిపోయిన దానికైతే ఈ బీన్ సరిపోద్ది. పొద్దున్నే బెడ్ దగ్గర పేషెంట్ ‘హాజ్ ది డాక్టర్ బీన్?’ అని అడుగుతారు ఇక్కడ. డాక్టర్ గారు వచ్చి వెళ్ళారా అని. బ్రిటన్ లో కూడా పోస్ట్‌మన్ గురించి అలాగే అడుగుతారు, విశాఖ చెల్లి దిగాక వింటావు చూడు.

డాలస్ బాబాయ్
మా అమెరికాలో అలా అనరమ్మా, ఇక్కడ ‘హాజ్ ది డాక్టర్ కమ్ బై?’ అంటారు. ఉట్టి ‘బీన్?’ అని ఆపేస్తే ‘బీన్ వేర్?’ అని అడుగుతారు.